పదకొండు చోట్ల యార్దా

ఏప్రిల్ 3, గురువారం

పుస్తకం పేజీలు దిద్దుబాట్లతో వచ్చాయి. నేను పనిచేసే బడి లైబ్రరీలో పిల్లలందరూ వెళ్ళిపోయాక, వాళ్ళ పొట్టి కుర్చీలోనే మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని చూశాను. బొమ్మలు ఎంత బాగున్నాయంటే, నా మాటలు తీసేసినా పుస్తకం నడిచిపోతుంది. ఎడమ పేజీలో స్పానిష్, కుడి పేజీలో ఇంగ్లీషు. ఒక చిన్నపిల్ల తాతగారి పెరట్లో పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఏమేం చేస్తుందో, అంతే కథ. గుమ్మడిపూలు కోస్తుంది, మొక్కజొన్నల మధ్య దాక్కుంటుంది, మిరపకాయ కొరికి ఏడుస్తుంది, ఏడుపు ఆగగానే మళ్ళీ కొరుకుతుంది. ఆ పిల్ల నా కూతురు సెలీ అనీ, ఆ తాత మా నాన్న అనీ మా ఊరు సాంతా పౌలాలో ఎవరిని అడిగినా చెబుతారు. బొమ్మలో తాత పెట్టుకున్న టోపీ కూడా నాన్నదే.

పుస్తకం వేసేవాళ్ళ తరఫున నా పని చూసే కోరిన్ ఒక ఉత్తరం జత చేసింది. స్పానిష్ పేజీలు బాగా చదువుకున్న ఒకావిడ చేత చూపించారట, స్పెయిన్ ఆవిడ. ఆవిడ 'యార్దా' అని ఉన్న ప్రతిచోటా కొట్టేసి 'హర్దీన్' అని రాసింది. పదకొండు చోట్ల. పక్కన చిన్న అక్షరాలు: "యార్దా అంటే తోట కాదు. ఇంగ్లీషు యార్డ్‌కు తోక తగిలించి చేసుకున్న మాట. పిల్లల పుస్తకంలో సరైన స్పానిష్ ఉండాలి."

ఆవిడ చెప్పింది నిజమే. నాకు తెలియనిదా? కాలేజీలో నా మొదటి స్పానిష్ వ్యాసంలో 'మా యార్దా' అని రాస్తే ప్రొఫెసర్ ఎర్ర సిరాతో చుట్టి క్లాసంతటికీ చదివి వినిపించాడు. ఆ రోజునుంచి ఆ మాట ఇంటి గడప దాటి నా నోట రాలేదు. పుస్తకంలోకి ఎలా వచ్చిందో మరి. చెయ్యి జారి ఉంటుంది.

మే 30లోగా ఆఖరి మాట చెప్పమంది కోరిన్. ఐదు నిమిషాల్లో చెప్పేశాను, "సరే, మార్చండి" అని.

నాన్నకు చెప్పాల్సినంత పెద్ద సంగతేం కాదు.

ఏప్రిల్ 6, ఆదివారం

ఎప్పటిలాగే నాన్న ఇంట్లో భోజనం. తెంచా అత్త నాగజెముడు ముక్కలు గుడ్లతో కలిపి వేయించింది. ఈవిడ నాన్నకు చెల్లెలు, అమ్మ పోయాక వచ్చి ఆయనతోనే ఉండిపోయింది, ఇల్లంతా తనదే అన్నట్టు ఉంటుంది. తనదే కూడా.

సెలీకి ఆరేళ్ళు. దానికి వచ్చిన స్పానిష్ మాటలు నలభై ఉంటాయి. నాన్నకు వచ్చిన ఇంగ్లీషు మాటలూ నలభయ్యే, అందులో సగం గడ్డికోత మిషను భాగాల పేర్లు. అయినా నేను పని ముగించుకుని వచ్చేదాకా రోజూ రెండు గంటలు ఇద్దరూ ఇంటి వెనకాల ఒకటే కబుర్లు. ఎలా మాట్లాడుకుంటారో నాకు ఇప్పటికీ తెలియదు. పుస్తకం మొదలుపెట్టింది అది కనుక్కుందామనే. ఇద్దరికీ సొంతమైన మాట ఒక్క 'యార్దా'నే. అది స్పానిష్ అని నాన్న అనుకుంటారు. అది ఇంగ్లీషు అని సెలీ అనుకుంటుంది.

తినడం అయ్యాక సెలీ తాత చెయ్యి పట్టుకుని లాగింది. "లీతో, పద, యార్దా." తాతను అది లీతో అనే పిలుస్తుంది.

నేను గిన్నెలు కడుగుతున్నాను. నా నోరు ఊరుకుందా? "యార్దా కాదు సెలీ, హర్దీన్ అనాలి. యార్దా తప్పు మాట," అన్నాను. స్పానిష్‌లో ఒకసారి, దానికి అర్థమయ్యేలా ఇంగ్లీషులో ఇంకోసారి. రెండు భాషల పుస్తకం రాసినదాన్ని కదా.

"లీతో అలాగే అంటాడుగా," అంది.

"లీతో అన్నా తప్పు తప్పే."

నవ్వుతూనే అన్నాను. నవ్వుతూనే అన్నానని రాసి పెట్టుకుంటున్నాను.

నాన్న టోపీ తీసి, లోపలి అంచు ఒకసారి చూసుకుని, మళ్ళీ పెట్టుకుని బయటికి వెళ్ళారు. సెలీ చెయ్యి ఎప్పుడు వదిలారో నేను చూడలేదు.

అత్త ఊరుకునే రకం కాదు. "పుస్తకం ఇంకా అచ్చే కాలేదు. అచ్చయ్యాక మా పేర్లు కూడా దిద్దుతావు కాబోలు," అంది.

"అది కాదత్తా, పిల్ల తప్పు నేర్చుకోకూడదని..."

"అవునమ్మా తీలా. నువ్వు ఆ తప్పులు తినే ఇంతదానివయ్యావు," అని గిన్నె నా చేతిలోంచి లాక్కుంది.

ఏప్రిల్ 7, సోమవారం

నాన్నకు కోపం లేదు. ఆయన కోపం వచ్చే మనిషి కాదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

సెలీని తీసుకురావడానికి వెళితే టీవీ ముందు ఉంది. నాన్న వెనకాల మిరపనారు నాటుతున్నారు, ఒక్కరే.

"ఇవాళ ఏం చేశారు ఇద్దరూ?"

"ఏం లేదు," అంది సెలీ.

ఎండ ఎక్కువగా ఉంది. అందుకే లోపల ఉండిపోయి ఉంటుంది. కోపం లేదు.

ఏప్రిల్ 15, మంగళవారం

నాన్న సెలీతో ఇంగ్లీషు మాట్లాడుతున్నారట. అత్త ఫోన్లో చెప్పింది, ఎవరో పోయినట్టు గొంతు పెట్టుకుని.

"'కమ్' అంటాడు. 'ఈట్' అంటాడు. 'గుడ్' అంటాడు. అంతే, రోజంతా ఆ మూడే తిప్పి తిప్పి కొడుతున్నాడు."

డెబ్బై రెండేళ్ళ వయసులో కొత్త భాష పట్టుకుంటున్నారు, మంచిదే కదా అన్నాను.

"మంచిదే. నువ్వే వచ్చి విను," అని పెట్టేసింది.

ఏప్రిల్ 20, ఈస్టర్

అత్త రెండు నెలలుగా కడిగి దాచిన గుడ్డు పెంకుల్లో రంగు కాగితం ముక్కలు నింపి ఉంచింది. వాటిని ఒకరి నెత్తిన ఒకరు పగలగొట్టడమే ఇవాళ్టి పండగ. సెలీ వెనకనుంచి పిల్లిలా వచ్చి తాత టోపీ ఎగరగొట్టి నడినెత్తిన ఒకటి పగలగొట్టింది. పోయినేడాది ఇదే పనికి ఆయన "దొంగపిల్లా, ఉండు నీ పని చెబుతా" అని చాయోటె తీగ పందిరి చుట్టూ దాన్ని మూడుసార్లు తరిమారు. ఇవాళ చొక్కా దులుపుకుని "థాంక్యూ" అన్నారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కారులో సెలీ అడిగింది, "అమ్మా, లీతో స్పానిష్ మరిచిపోయాడా?"

రేడియో పెట్టాను.

ఏప్రిల్ 22, మంగళవారం

ఇవాళ అడిగేశాను. నాన్న వంగి పాయలాకు కోస్తున్నారు. ఓహాయ్ కొండల్లోని బంగళాల్లో ముప్పై ఆరేళ్ళు తోటపని చేస్తూ ఇదే ఆకును కలుపు మొక్క అని పీకి పారేసి, ఇంటికొచ్చి దీనికే నీళ్ళు పోసి పెంచారు. కూరకు ఇంతకు మించిన ఆకు లేదంటారు.

"సెలీతో స్పానిష్ ఎందుకు మానేశారు నాన్నా?"

"మానెయ్యలేదే."

"'కమ్, ఈట్, గుడ్' అంటున్నారట."

"సరిగ్గానే అంటున్నానా?" అన్నారు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగారు.

ఆకుల మట్టి దులుపుతూ ఆయనే అన్నారు, "నాది మూడో తరగతి స్పానిష్ తల్లీ. మిగతాదంతా నిమ్మతోటల్లో, ట్రక్కుల్లో ఏరుకున్నదే. అందులో ఏది అసలుదో, ఏది ఇక్కడికొచ్చాక అతుకేసిందో నాకేం తెలుసు? నీకు తెలుసు. పిల్లకి మంచిది నువ్వు నేర్పు. నా తప్పులు దాని నోట్లో పెట్టడం ఎందుకు?"

"నేను ఒక్క మాట గురించి అన్నాను నాన్నా."

"ఒక్కటే అని నాకెలా తెలుస్తుంది? ఏది తప్పో తెలియనివాడు నోరు మూసుకోవడమే నయం."

కోపం ఉంటే బాగుండేది. కోపమైతే వారానికో పది రోజులకో తగ్గుతుంది. ఈయన నా మాట నమ్మారు.

ఏప్రిల్ 23, బుధవారం

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కనైతే తొక్కాను. కడుక్కోవడానికి నీళ్ళు ఎక్కడున్నాయో తెలియడం లేదు.

మే 4, ఆదివారం

నా పదేళ్ళప్పటి సంగతి ఒకటి మూడు రోజులుగా పంటికింద రాయిలా తగులుతోంది. రాసేస్తే పోతుందేమో.

ఒక శనివారం నాన్నతో పాటు ట్రక్కులో పనికి వెళ్ళాను. అంత పెద్ద ఇల్లు నేను అంతవరకు చూడలేదు. ఆ ఇంటావిడ మంచిదే, నాకు గేటు దగ్గరికి గ్లాసుతో నిమ్మరసం తెచ్చిచ్చింది. నాన్న గొట్టం నోటికి ఆనించుకుని నీళ్ళు తాగారు. నేను నిమ్మరసం అంతా తాగేశాను, ఒక్క గుక్క కూడా మిగల్చలేదు. ఆ సోమవారం క్లాసులో మీ నాన్న ఏం చేస్తారని టీచరు అడిగితే "మా నాన్నకు తోటల కంపెనీ ఉంది" అన్నాను. కంపెనీ అంటే ఒక ట్రక్కు, రెండు గడ్డికోత మిషన్లు, మా నాన్న.

అబద్ధం కాదు కదా అనుకున్నాను అప్పుడు. రాసినా పోలేదు.

మే 11, ఆదివారం

చర్చి అయ్యాక బయట సెలీకి గులాబీ మడులు చూపించాను. "ఇదిగో, హర్దీన్ అంటే ఇదీ."

"పూలుంటేనే హర్దీనా?"

"అవును."

"లీతో దగ్గర పూలు లేవుగా. గుమ్మడిపూలున్నాయి, అవి మనం తినేస్తాం."

"అయినా అది కూడా హర్దీనే."

"అది యార్దా," అంది నోట్లోనే. వినిపించనట్టు ఊరుకున్నాను.

నాన్న కూడా నేర్చుకుంటున్నారు. ఫోన్ చేస్తే "హర్దీన్‌లో ఉన్నాను" అంటున్నారు, కొత్త బూట్లు వేసుకుని నడిచినట్టు జాగ్రత్తగా. ఈ నాలుగు రోజులుగా సెలీతో ఒకటీ అరా స్పానిష్ మాటలు కూడా అంటున్నారని అత్త చెప్పింది, అవీ నేను ఒప్పుకున్నవే. ఇక సర్దుకున్నట్టే.

మే 15, గురువారం

మూడూ నలభైకి లైబ్రరీలో ఉండగా అత్త ఫోన్ చేసింది. "పిల్ల నీ దగ్గరికి వచ్చిందా?"

నా దగ్గరికి ఎందుకు వస్తుంది? మా బడి ఊరికి ఆ చివర. ఎప్పటిలాగే నాన్న దాన్ని బడినుంచి నడిపించుకుని తీసుకొచ్చారట. గుమ్మంలో వదిలి, చేతులు కడుక్కుని తిని రా, నేను హర్దీన్‌లో ఉంటాను అని స్పానిష్‌లో చెప్పి ఇంటి పక్క సందులోంచి వెనక్కి వెళ్ళారట. అత్త టోర్టియా రొట్టెలో చిక్కుడు గింజలు చుట్టి చేతికిచ్చి మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. పిల్ల వెనక ఉందని అత్త అనుకుంది. లోపల అత్తతో ఉందని నాన్న అనుకున్నారు. అరగంట.

ఆ వీధి చివర రైలు పట్టాలున్నాయి. నిమ్మకాయల లారీలు పక్కనుంచే పోతుంటాయి. కారు ఎలా నడిపానో నాకు గుర్తులేదు. దేవుడా దేవుడా అని మాత్రం పైకే అంటున్నాను. వీధిలోకి తిరగగానే నాన్న కనిపించారు. బురద బూట్లతో, టోపీ లేకుండా, ప్రతి గేటు దగ్గరా ఆగి "అరాసెలీ, అరాసెలీ" అని పూర్తి పేరుతో పిలుస్తున్నారు. టోపీ లేకుండా నాన్నను వీధిలో చూడటం అదే మొదలు. ముసలివాడైపోయాడు నా తండ్రి, ఎప్పుడయ్యాడో నేను చూసుకోలేదు.

మీరు పట్టాలవైపు వెళ్ళండి, నేను ఇటు వెళతానని చెప్పి కారు చర్చి వైపు తిప్పాను.

అక్కడుంది. గులాబీ మడి గట్టుమీద బడి సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చేతిలో సగం కొరికిన టోర్టియా. ఏడుపు మొహం కాదు. ఎవరైనా ఆలస్యం చేస్తే పెట్టే మొహం.

"లీతో ఏడీ?" అంది నన్ను చూడగానే. "ఎంతసేపని కూర్చోను?"

నేను దాన్ని పట్టుకుని ఏడ్చేశాను. అది నా భుజం మీదనుంచి వీధిలోకి చూస్తూనే ఉంది, తాత కోసం.

నాన్నకు ఫోన్ చేశాను. పరుగెత్తుకుంటూ వచ్చారు. నేలమీద కూలబడి దాని రెండు చేతులూ పట్టుకున్నారు. ఐదు వారాల స్పానిష్ ఒక్కసారి బయటికొచ్చింది. "నా బంగారుతల్లీ, నా ప్రాణం తీశావు కదే, ఇంత దూరం ఎందుకొచ్చావమ్మా, ఎవరు రమ్మన్నారు నిన్ను?"

అది గులాబీల వైపు వేలు చూపించింది. "నువ్వే. హర్దీన్ అన్నావు." తర్వాత ఇంకా అర్థం కాలేదేమోనని, "యార్దా అనలేదు," అంది.

స్పానిష్‌లోనే అంది. నా పిల్ల నోట నేను విన్న అతి పొడుగు స్పానిష్ మాటలు అవే, ఒక్క తప్పు కూడా లేదు.

ఇంటికి వచ్చాక సెలీ అత్త ఒళ్ళో నిద్రపోయింది. నాన్న వెనకాల బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నారు. నేను వెళ్ళి మట్టిలోనే కూర్చున్నాను.

"పిల్లది తప్పు లేదు," అన్నారు.

"లేదు. నాదే."

"నీదని కాదు తల్లీ. అది సరిగ్గానే వెళ్ళింది. హర్దీన్ అంటే అదే." కాసేపు మోకాళ్ళు రుద్దుకున్నారు. "ముప్పై ఆరేళ్ళు హర్దీన్లలో పనిచేశాను. ఒక్కదాంట్లోనూ కూర్చోలేదు. కూర్చుంటే ఎవరూ ఏమనరేమో, అయినా కూర్చోలేదు. ఇక్కడ కూర్చుంటాను. అందుకే దీన్ని ఆ పేరుతో పిలవబుద్ధి కాలేదు నాకు. అంతే. ఇంగ్లీషో స్పానిషో నేను ఆలోచించలేదు."

అప్పుడు చెప్పాను, పుస్తకంలో కూడా మార్చేశానని. ఆయనను అడగకుండా, ఐదు నిమిషాల్లో.

"ఎన్ని చోట్ల?"

"పదకొండు."

"అన్ని చోట్ల రాశావా?" అన్నారు. మొహంలో కాస్త సంతోషం కనిపించింది. మరుక్షణం అది పోయింది. "పోనీలే. అలాగే ఉండనీ. ఒక్క మాట కోసం వాళ్ళతో పెట్టుకుని పుస్తకం పోగొట్టుకోకు. నేను ఎలాగూ బొమ్మలే కదా చూసేది."

మే 16, శుక్రవారం

కోరిన్‌కు ఉత్తరం పంపాను. పొద్దున్నే, మనసు మారకముందే.

మార్చమన్నది నేనే, ఇప్పుడు వద్దంటున్నది కూడా నేనే అని రాశాను. ఆ పదకొండు యార్దాలు చెయ్యి జారి పడినవి కావని రాశాను. "ఈ పుస్తకంలో పిల్ల హర్దీన్‌కు వెళ్ళదు. వెళితే తప్పిపోతుంది. నిన్న తప్పిపోయింది" అని రాసి, జరిగినదంతా వరసగా చెప్పాను. మా నాన్నా నా కూతురూ ఒకరినొకరు అందుకునే మాట ఇదొక్కటే, దాన్ని నేనే తీసేశాను అని కూడా రాశాను. ఇది కుదరకపోతే పుస్తకం వెనక్కి తీసుకుంటానన్నాను. తొమ్మిదేళ్ళు పట్టింది నాకు ఈ పుస్తకం.

మే 19, సోమవారం

జవాబు లేదు.

మే 21, బుధవారం

జవాబు లేదు. ఇల్లంతా కడిగాను. కడిగిందే మళ్ళీ కడిగాను.

మే 23, శుక్రవారం

నాన్న మళ్ళీ సెలీతో స్పానిష్ మాట్లాడుతున్నారు. కానీ ప్రతి మాటకూ ముందు నావంక చూస్తున్నారు. పరీక్ష రాస్తున్న పిల్లవాడు పర్యవేక్షకుడి వంక చూసినట్టు. నేను గుమ్మంలోకి వస్తే సెలీ కూడా గొంతు తగ్గిస్తోంది. అంటే ఇద్దరికీ మధ్య అడ్డం నేనే. ఇది ఉత్తరం రాస్తే పోయేది కాదు.

ఇవాళ కావాలనే కారులో కూర్చుని ఇరవై నిమిషాలు ఆలస్యంగా లోపలికి వెళ్ళాను.

మే 27, మంగళవారం

జవాబు వచ్చింది.

నా ఉత్తరం కోరిన్ ఆ స్పెయిన్ ఆవిడకే పంపిందట. ఆవిడ రాసింది చదివి ముందు బిక్కచచ్చిపోయాను, తర్వాత నవ్వాను: "మా నిఘంటువులో యార్దా అంటే తొంభై ఒక్క సెంటీమీటర్లు. గుడ్డ కొలిచే గజం. ఆ పిల్ల తొంభై ఒక్క సెంటీమీటర్ల చోటులో మొక్కజొన్నల మధ్య ఎలా దాక్కుంటుందా అని నేను నిజంగానే కంగారుపడ్డాను. ఉత్తరం చదివాక అర్థమైంది. పదకొండు చోట్లా ఉండనివ్వండి. కానీ నాలాంటివాళ్ళు ఇంకా ఉంటారు. పుస్తకం చివర యార్దా అంటే ఏమిటో రెండు భాషల్లోనూ ఒక్క వాక్యంలో చెప్పండి."

ఆ వాక్యం శుక్రవారం లోపల కావాలంది కోరిన్.

అత్తకు ఫోన్ చేసి చెప్పాను. అటునుంచి గిన్నె ఏదో పడిన చప్పుడు. తర్వాత మామూలు గొంతుతో, "సరే, ఆదివారం నాగజెముడు ఎక్కువ చేస్తాను," అంది.

మే 28, బుధవారం

నాలుగుసార్లు రాశాను. "యార్దా: వలస కుటుంబాల వాడుకలో గృహానికి వెనుకనున్న ఆవరణ." ఇంకోటి ఇంతకంటే ఘోరం. ఆ ఎర్ర సిరా ప్రొఫెసర్ నాలోనే కాపురం పెట్టాడు. అన్నీ చింపేశాను.

సాయంత్రం అత్త, "ఎవరి మాటకు అర్థం వాళ్ళనే అడగరాదూ?" అంది.

మే 29, గురువారం

బడినుంచి తిన్నగా నాన్న దగ్గరికి వెళ్ళాను. విషయం చెప్పాను. స్పానిష్ వాక్యం మీది, దాన్ని ఇంగ్లీషు చేసేది సెలీ, నేను రాసుకోవడానికి మాత్రమే వచ్చాను అన్నాను.

తొంభై ఒక్క సెంటీమీటర్ల సంగతి విని నాన్న చేతులు చాచి కొలిచి చూసుకున్నారు. "ఇంతేనా? మరి నా చాయోటె తీగ కంచె దాటిందని పక్కింటాయన మొన్న పోట్లాటకొచ్చాడే."

"ఆ స్పెయినావిడకి నాలుగు కాయలు పంపించు, కొలుచుకుంటుంది," అంది అత్త.

నాన్న గొంతు సవరించుకున్నారు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. "యార్దా అనగా..." అన్నారు, ఆగారు, నావంక చూశారు. 'అనగా' అనే మాట ఆయన జన్మలో ఎప్పుడూ అని ఉండరు.

నేను తల వంచుకున్నాను.

"దాన్ని చూడకు," అంది అత్త. "అది ఇవాళ ఇంట్లో లేదనుకో. తీలా, నువ్వటు తిరుగు."

అటు తిరిగి, గోడవైపు మొహం పెట్టి మెట్టుమీద కూర్చున్నాను, ఒళ్ళో నోటుపుస్తకం. నా వీపు వెనక బకెట్టు జరిపిన చప్పుడు. తర్వాత మొదలైంది. యార్దాలో ఏమేం ఉన్నాయో చెప్పు అన్నారు నాన్న. మిరప, మొక్కజొన్న, నాగజెముడు అని సెలీ లెక్కపెట్టింది. ఒక పేరు దానికి స్పానిష్‌లో తెలియలేదు, ఆయన చెప్పారు. ఒకటి ఆయనకు ఇంగ్లీషులో తెలియలేదు, అది చెప్పింది. బకెట్టు కూడా రాయాలా వద్దా అని వాదించుకున్నారు. అది ఆయనను ఏదో వెక్కిరించింది, ఆయన "దొంగపిల్లా" అన్నారు. నాకు సగం వినపడలేదు, వినపడిన సగంలో తప్పులు బోలెడు. నేను కదల్లేదు. కళ్ళు తుడుచుకుంటే కదిలినట్టు తెలుస్తుందని తుడుచుకోలేదు కూడా.

"రాసుకో," అన్నారు నాన్న చివరికి. "యార్దా అంటే, నా మనవరాలు పిలిస్తే నాకు వినపడే చోటు."

రాసుకున్నాను. ఒక్క అక్షరం మార్చలేదు.

"వినపడటం అంటే?" అని సెలీ అడిగింది. ఆ స్పానిష్ మాట దానికి రాదు. నాన్న ఏం చేశారో నాకు కనపడలేదు. మిషన్ల హోరుకు మొద్దుబారిన చెవి మీద చెయ్యి పెట్టుకుని చూపించారని తర్వాత అత్త చెప్పింది. "లీతో" అని అది చిన్నగా పిలిచింది. "ఊఁ" అన్నారు. ఇంకొంచెం దూరం వెళ్ళి పిలిచింది. "ఊఁ." మొక్కజొన్నల దాకా వెళ్ళి పిలిచింది. "ఊఁ, వస్తున్నా."

"అర్థమైంది," అని పరుగెత్తుకొచ్చి నా చేతిలోంచి పెన్సిల్ లాక్కుని ఇంగ్లీషులో తనే రాసింది, నాలుకను పళ్ళ మధ్య పెట్టుకుని, పెద్ద పెద్ద అక్షరాలతో. "యార్దా అంటే నేను పిలిస్తే మా లీతో పలికే చోటు."

ఆయన అన్నది వినపడటం. ఇది రాసింది పలకడం. ఎడమ పేజీ ఒకటి చెబుతుంది, కుడి పేజీ ఇంకొకటి చెబుతుంది. అనువాదం తప్పు, కోరిన్ తప్పకుండా అడుగుతుంది. అడిగితే ఏం చెప్పాలో చూసుకోవచ్చు.

ఐదింటికి రెండు వాక్యాలూ దిద్దకుండా పంపించాను.